నీళ్లు చూసే పని

నా పేరు మద్దాల కృపాబాయి. వయసు నలభై మూడేళ్లు. ఒమాన్ దేశంలో, అల్ ఖౌద్‌లోని ఒక ప్రైవేటు క్లినిక్‌లో పదకొండేళ్లుగా స్టాఫ్ నర్సుగా పని చేస్తున్నాను. అజైబాలో ఇంకో ఇద్దరు నర్సులతో కలిసి ఒక ఫ్లాట్‌లో ఉంటున్నాను. సొంత ఊరు పాలకొల్లు దగ్గర. నా భర్త చనిపోయి తొమ్మిదేళ్లయింది. ఇద్దరు ఆడపిల్లలు మా అక్క దగ్గర ఉండి చదువుకుంటున్నారు.

ఈ రోజు, 2025 నవంబరు 18, మంగళవారం, ఉదయం తొమ్మిదిన్నరకు ఈ పోలీసు స్టేషనుకు నా అంతట నేనే వచ్చాను. నన్ను ఎవరూ పిలవలేదు. నాకు అరబ్బీ క్లినిక్‌కు సరిపడా వచ్చు. ఎక్కడ నొప్పి, ఎన్నాళ్ల నుంచి, గట్టిగా ఊపిరి పీల్చండి, అంతవరకే. అందుకని తెలుగులో చెప్తున్నాను. కడపకు చెందిన ఖాదర్‌వలి గారు దుబాసీగా కూర్చుని, నేను చెప్పింది తెలుగులో రాసుకుంటూ అధికారి గారికి అరబ్బీలో చెప్తున్నారు.

నేను వచ్చిన పని ఇది. శనివారం కొండల మధ్య పారే వాదీ సుమైక్‌లో వరద వచ్చి మా క్రైస్తవ సహవాసంలో పెద్దాయన దేవదాసు గారు చనిపోయారు. మమ్మల్ని పడవల్లో తీసుకెళ్లిన గంగాప్రసాద్ అనే అతన్ని ఆదివారం నుంచి ఈ స్టేషనులోనే ఉంచారు. ఎగువ నుంచి వచ్చే నీళ్లను కనిపెట్టి చూడటానికి మనిషిని పెట్టకపోవడం అతని తప్పని అంటున్నారు. అతనూ అదే ఒప్పుకున్నాడని విన్నాను. అది నిజం కాదు. అతను మనిషిని పెట్టాడు. ఆ మనిషిని నేనే.

జరిగింది జరిగినట్టు వరసగా చెప్తాను. టైము చూసుకోవడం నర్సులకు అలవాటు కాబట్టి టైములు కూడా చెప్తాను. తెలియనిచోట తెలియదనే చెప్తాను.

గంగాప్రసాద్ వయసు ముప్పై నాలుగు ఉంటుంది. జగిత్యాల జిల్లా మనిషి. ఒక నిర్మాణ కంపెనీలో లేబర్. హమ్రియాలో ఆరుగురితో కలిసి ఒక రూమ్‌లో ఉంటాడు. మూడేళ్ల కిందట సైట్‌లో ఇనుప దిమ్మె పడి అతని ఎడమ పాదం నలిగింది. ఐదు వారాలు మా క్లినిక్‌లో నేనే కట్టు మార్చాను. రెండో వారంలో ఒక వేలు రంగు మారుతుంటే నేను ముందు కనిపెట్టి డాక్టరుకు చూపించాను. వేలు దక్కింది. అప్పటి నుంచి నన్ను అక్కా అంటాడు, రెండు నెలలకోసారి ఫోన్ చేసి పిల్లలెలా ఉన్నారని అడుగుతాడు. అతను హిందువు. మా సహవాసం మనిషి కాదు.

నిరుడు అతని కంపెనీ వాదీ సుమైక్ పక్కన రోడ్డు కొట్టుకుపోకుండా గోడ కట్టింది. ఎనిమిది నెలలు అతను అక్కడి క్యాంపులోనే ఉన్నాడు. డ్యూటీ అయ్యాక క్యాంపు వాళ్లంతా గాలి నింపే పాత రబ్బరు పడవ ఒకటి వేసుకుని ఆ మడుగుల్లో పైదాకా పోయి వచ్చేవాళ్లట. ఆ వాదీ సంగతి అధికారి గారికి తెలిసిందే, అయినా రాయించమన్నారు కాబట్టి చెప్తున్నాను. రెండు పక్కలా నిలువు కొండలు, మధ్యలో ఏరు. ఏడాది పొడవునా నీళ్లుండే పొడవాటి మడుగులు రెండున్నాయి. రెండింటి మధ్య పడవల్ని భుజాన వేసుకుని రాళ్ల మీద మోసుకెళ్లాలి. రెండో మడుగు చివర ఒక గులకరాళ్ల దిబ్బ ఉంది. అక్కడిదాకా వెళ్లి తిరిగి రావాలని మా ఆలోచన.

ఈ ప్రయాణం కోరింది దేవదాసు గారే. ఆయన ఒక ఆసుపత్రి మందుల స్టోరులో ఇరవై ఆరేళ్లు పని చేశారు. ఈ నెలాఖరుకు రిటైరై భార్య శాంతమ్మ గారితో కాకినాడ వెళ్లిపోవాలి. అక్టోబరులో ఒక శుక్రవారం ఆరాధన అయ్యాక టీ తాగుతూ అన్నారు.

"ఇరవై ఆరేళ్లున్నాను గదా ఒమాన్‌లో, మనవలు ఆ దేశం ఎలా ఉంటది తాతా అంటే ఏం చెప్పమంటారు? స్టోరులో ఏసీ బాగుంటదని చెప్పనా?"

అందరం నవ్వాం. అప్పుడే నేను గంగాప్రసాద్ పేరు చెప్పాను. కాబట్టి అతన్ని ఇందులోకి తెచ్చింది నేనే. అతను కూలికి రాలేదు. నేను అడిగితే తన సెలవు రోజు మాకిచ్చాడు.

శనివారం ఉదయం ఐదు నలభైకి అజైబా నుంచి రెండు కార్లలో బయల్దేరాం. గంగాప్రసాద్‌తో కలిపి పదకొండు మందిమి. మా యువజనుల బాధ్యత చూసే ఆండ్రూ అనే ల్యాబ్ టెక్నీషియన్ మూడు గాలి పడవలు, పదకొండు లైఫ్ జాకెట్లు అద్దెకు తెచ్చాడు. ఏడు యాభైకి వాదీ నోటి దగ్గరికి చేరాం. అక్కడ చివరి ఇల్లు ముఖీత్ అనే ముసలాయనది. మేకలున్నాయి. గంగాప్రసాద్‌కు క్యాంపు రోజుల నుంచి ఆయన తెలుసు. ఆయన మాకు ఖర్జూరాలు, కహ్వా కాఫీ ఇచ్చి, కొండల వైపు చాలాసేపు చూశాడు. మా నెత్తిన ఆకాశం నీలంగానే ఉంది. దూరంగా కొండల వెనక మాత్రం బూడిద రంగు మబ్బు ఒక ముక్క కనిపించింది. ముసలాయన, "ఫోగ్ మతర్" అన్నాడు, పైన వాన అని. మధ్యాహ్నం నమాజు వేళలోపు వెనక్కి వచ్చేయమన్నాడు.

గంగాప్రసాద్ అది తేలిగ్గా తీసుకోలేదు. ఇది రాయండి. అతను మమ్మల్ని నిలబెట్టి, "పెద్దాయన చెప్పిండు. పదకొండింటికి మనం పైకెల్లి ఎనుకకు తిరగాలె. పదకొండంటే పదకొండే. ఇష్టమైతే పోదాం, లేకుంటే ఈడనే చేపలకు బ్రెడ్డేసుకుంట కూసుందాం" అన్నాడు. దేవదాసు గారు ముందుగా సరే అన్నారు. మేమంతా సరే అన్నాం. జాకెట్లు అతనే ఒక్కొక్కరికి బిగించాడు. మళ్లీ ఒడ్డుకు వచ్చేదాకా ఎవరూ విప్పొద్దని చెప్పాడు.

ఎనిమిది నలభైకి పడవలెక్కాం. దేవదాసు గారు, శాంతమ్మ గారు, నేను గంగాప్రసాద్ పడవలో కూర్చున్నాం. నీళ్లు అడుగున రాళ్లు లెక్కపెట్టేంత తేటగా ఉన్నాయి. దేవదాసు గారు దారంతా చెయ్యి నీళ్లలో ఆడిస్తూ కూర్చున్నారు. నలభై ఏళ్లు కాపురం చేసినా ఆయన పాట పాడటం ఎప్పుడూ వినలేదని శాంతమ్మ గారు అనేవారు. ఆ రోజు కొండల మధ్య ఆయన ఒక కీర్తన ఎత్తుకుంటే గొంతు అటూ ఇటూ తగిలి తిరిగి వచ్చింది. ఆయన ఆగి, మళ్లీ పాడి, మళ్లీ ఆగి విన్నారు. నేను ఆయన్ని అంత సంతోషంగా ఎప్పుడూ చూడలేదు.

పది ఐదుకు దిబ్బ మీదికి చేరాం. దిగగానే గంగాప్రసాద్ మమ్మల్ని తిండి దగ్గరికి పోనివ్వలేదు. కుడి పక్క కొండకు మేకలు నడిచే బాట ఒకటుంది. నలుగురు మనుషుల ఎత్తున ఒక అరుగులాంటి రాయి దాకా పోతుంది. నీళ్ల రంగు మారితే పడవల దిక్కు ఉరకొద్దని, ఈ బాట ఎక్కాలని చెప్పి, అందరినీ ఒకసారి ఎక్కించి దించాడు. దేవదాసు గారికి మోకాళ్ల నొప్పి. ఆయన ఎక్కడానికి రెండు నిమిషాలు పట్టింది. నేను టైము చూశాను కాబట్టి చెప్పగలుగుతున్నాను.

తర్వాత నన్ను పిలిచి దిబ్బకు ఎగువన ఉన్న ఒక ఎత్తు రాయి మీద కూర్చోబెట్టాడు. ప్లాస్టిక్ ఈల నా మెడలో వేశాడు.

"అక్కా, మీ పని ఒక్కటే. పైకెల్లి వచ్చే నీళ్లను సూడాలె. రంగు మారినా, నురుగొచ్చినా, పుల్లలొచ్చినా ఊదుండ్రి. నన్ను అడుగొద్దు, ఎవరినీ అడుగొద్దు. ఊదుడే."

నాకు ఈత రాదు, ఇంకెవరినైనా పెట్టు తమ్ముడూ అన్నాను. "ఈతతోని ఏం పని? నా ఏలు నల్లబడ్డది డాక్టర్ కంటే ముందు మీరు సూసిండ్రు. మీ కండ్ల మీద నాకు నమ్మకమున్నది" అన్నాడు.

ఈ మాటలు అన్నప్పుడు పక్కన ఎవరూ లేరు. మిగతావాళ్లు డబ్బాలు విప్పుతున్నారు. పులిహోర, కోడి వేపుడు, గారెలు తెచ్చుకున్నాం. నాది నాకు రాయి దగ్గరికే పంపారు. తింటూ కూడా నేను నీళ్లు చూస్తూనే ఉన్నాను. ఒక్క గారె నీళ్లలో పడితే చిన్న చేపలు మూగాయి. అంతకు మించి ఏమీ రాలేదు.

పది యాభై ఐదుకు గంగాప్రసాద్ బయల్దేరదాం అన్నాడు. ఫోటోలకు కొంత ఆలస్యమైంది. పదకొండు దాటి నాలుగు నిమిషాలకు దేవదాసు గారు అందరినీ దిబ్బ మీద నిలబడమన్నారు.

"ఐదు నిమిషాలేనయ్యా గంగాప్రసాదూ. మళ్లీ ఈ చోటికి నేనెలాగూ రాను. ఒక్క మాట దేవుడికి చెప్పేసుకుని పడవెక్కేద్దాం."

దేవదాసు గారి ప్రార్థనల గురించి చెప్పాలి. ఆయన మొదలుపెడితే ఆదాము దగ్గర్నుంచి వస్తారని మా పిల్లకాయలు వేళాకోళం చేస్తారు. కూర చల్లారిపోతుందని భోజనం ముందు ప్రార్థన ఆయనకు అప్పగించం. మందుల స్టోరులో లిస్టు చూసుకున్నట్టు పేరు పేరునా ప్రార్థన చేస్తారు, ఎవరినీ వదలరు. శాంతమ్మ గారు, "ఐదంటే పావుగంట అని రాసుకో నాయనా" అన్నారు. గంగాప్రసాద్ నవ్వలేదు. పైకి చూశాడు, నీళ్లు చూశాడు. "జల్ది కానియ్యిండ్రి సారూ. నేను పోయి పడవలు సదురుత" అన్నాడు. పడవలు దిబ్బకు దిగువన, మలుపు తిరిగిన చోట కట్టి ఉన్నాయి. అక్కడి నుంచి ఎగువ నీళ్లు కనపడవు. అటు పోయే ముందు నా రాయి దగ్గరికి వచ్చాడు.

"అక్కా, మీరు మాత్రం కండ్లు తెరిసే ఉండుండ్రి. మీరొక్కలు మొక్కకుంటే దేవుడు ఏమనుకోడు."

సరే అన్నాను.

దేవదాసు గారు కళ్లజోడు తీసి జేబులో పెట్టుకున్నారు. చేతులు పైకెత్తడానికి అడ్డమని లైఫ్ జాకెట్ విప్పి పక్కన పెట్టారు. గంగాప్రసాద్ అప్పటికే మలుపు దాటాడు, అది చూడలేదు. మేమెవరం వద్దనలేదు. నేను చున్నీ తల మీదికి లాక్కున్నాను. ప్రార్థన మొదలైంది. నేను కళ్లు మూసుకున్నాను.

ఎందుకు మూసుకున్నావని అధికారి గారు అడిగారు. నాకు నాలుగేళ్లప్పుడు ప్రార్థనలో కళ్లు తెరిస్తే మా నాయనమ్మ తొడ మీద గిల్లేది. ప్రార్థనలో కళ్లు తెరిచి ఉండటం నాకు ఈ వయసు దాకా తెలియదు. బస్సులో చేసుకున్నా, ఆపరేషన్ థియేటర్ బయట చేసుకున్నా కళ్లు మూసుకునే చేసుకుంటాను. ఇది సాకుగా చెప్పడం లేదు. అడిగారు కాబట్టి చెప్తున్నాను.

మా ప్రార్థన నిశ్శబ్దంగా ఉండదు. పెద్దాయన ఒక్కొక్క మాట అన్నప్పుడు మిగతావాళ్లు స్తోత్రం, స్తోత్రం అని గొంతు కలుపుతారు. ఆ చప్పుడులో దూరంగా ఉన్న చప్పుడు వినపడదు. ముందుగా నేను విన్నది గంగాప్రసాద్ అరుపు. పడవల దగ్గర నీళ్లు పెరగడం చూసి "ఎక్కుండ్రి, ఎక్కుండ్రి" అని అరుస్తూ మా వైపే ఉరికి వస్తున్నాడు. నేను కళ్లు తెరిచేసరికి ఎగువ మలుపులో గోధుమ రంగు నీళ్లు మనిషి నడుమెత్తున వస్తున్నాయి. ముందు ఒక ఈత మట్ట దొర్లుతూ వస్తోంది. అప్పుడు ఈల ఊదాను. టైము పదకొండు పంతొమ్మిది.

బాట దగ్గరగా నిలబడినవాళ్లు ఆరుగురు సొంతంగా ఎక్కారు. నేను ఉన్న రాయి మీద నుంచి కొండకు పాకి వెళ్లాను. గంగాప్రసాద్ తొడల దాకా నీళ్లలో నిలబడి ఇద్దరిని పైకి తోశాడు. వాళ్లలో రెండో మనిషి శాంతమ్మ గారు. ఆవిడ చెయ్యి ఒకటి దేవదాసు గారి చేతిలో ఉంది. ఆ చేతులు ఎలా విడిపోయాయో నేను చూశాను, కానీ చెప్పలేను. దేవదాసు గారు పడిపోయి మళ్లీ లేచారు. గంగాప్రసాద్ కొండ బాట వదిలేసి ఆయన వెనక నీళ్లలోకి పోయాడు. ఇద్దరూ దిగువ మలుపు తిరిగి కనపడకుండా పోయారు. ఇరవై ఐదు నిమిషాల తర్వాత గంగాప్రసాద్ ఒక్కడే అవతలి కొండ మీద నుంచి చెయ్యి ఊపాడు. ఆ చేతి నుంచి రక్తం కారుతోంది. దేవదాసు గారి చొక్కా చేతికి దొరికిందని, రాయి కొట్టి వదిలిపోయిందని తర్వాత చెప్పాడు.

మమ్మల్ని సివిల్ డిఫెన్స్ వాళ్లు మూడు గంటలకు దించారు. దేవదాసు గారు ఆదివారం సాయంత్రం నాలుగింటికి దిగువ రెల్లు గడ్డిలో దొరికారు. కళ్లజోడు జేబులోనే ఉంది.

శనివారం సాయంత్రం ఆసుపత్రిలో గంగాప్రసాద్ చేతికి కుట్లు వేశారు. వరండాలో బల్ల మీద అతని పక్కన కూర్చున్నాను. అతను నా వైపు చూడకుండా మాట్లాడాడు.

"నీళ్లు సూసే పని ఎవరికీ చెప్పలేదని పోలీసులకు చెప్పిన. మీరు గట్లనే ఉండుండ్రి. మీకు ఇద్దరు ఆడపిల్లలు, సదువులు. మీ లైసెన్సు పోతే ఏమైతది? నన్నైతే మహా అంటే ఇంటికి పంపుతరు."

నేను సరే అనలేదు. వద్దనీ అనలేదు. అతని చేతి కట్టు వదులుగా ఉందని విప్పి మళ్లీ కట్టాను. అతనికీ నాలుగేళ్ల కూతురుంది, తల్లి కాశమ్మ మందులు ఇతని మీదే నడుస్తాయి. కట్టు కడుతున్నంతసేపూ ఆ సంగతి నాకు గుర్తు రాలేదు. రాత్రి పడుకున్నాక గుర్తొచ్చింది. గుర్తొచ్చినా నిద్ర పట్టింది. అందుకు సిగ్గుపడుతున్నాను.

ఆదివారం రాత్రి అతన్ని ఇక్కడికి తెచ్చారని తెలిసి మేము అజైబాలో కూడుకున్నాం. దిబ్బ మీద ఈల నా మెడలో ఉండటం ఆండ్రూ చూసి ఉన్నాడు. ఆండ్రూ చెడ్డవాడు కాదు. శనివారం ఆ అరుగు రాయి మీద అందరినీ ధైర్యంగా కూర్చోబెట్టింది అతనే. నన్ను వంటింట్లోకి పిలిచి, "ఆంటీ, అతనే ఒప్పుకున్నాడు గదా. మీరిప్పుడు వెళ్లి చెప్తే దేవదాసు అంకుల్ తిరిగొస్తారా? అతనొక్కడితో పోయేదానికి ఇద్దరూ ఇరుక్కుంటారు" అన్నాడు. నేను గిన్నెలు కడుగుతున్నాను. కడగడం ఆపలేదు. సోమవారం ఎప్పటిలాగే డ్యూటీకి వెళ్లాను. ఇరవై రెండు మందికి బీపీ చూశాను.

సోమవారం సాయంత్రం ఐదింటికి శాంతమ్మ గారి దగ్గరికి వెళ్లాను. వెళ్లడానికే మూడు రోజులు పట్టింది. ఆవిడ మంచం మీద ఆయన బట్టలు మడతలు పెట్టి సూట్‌కేసులో సర్దుతున్నారు. ఎలాగూ ఇంటికి పోయే బట్టలే గదా అన్నారు. నేను కింద కూర్చుని చెప్పాను. వదిన గారూ, నీళ్లు చూడమని గంగాప్రసాద్ నాకు అప్పగించాడు, నేను ప్రార్థనలో కళ్లు మూసుకున్నాను అని చెప్పాను.

ఆవిడ చేతిలోని చొక్కా మడత పూర్తి చేసి పక్కన పెట్టారు. తర్వాత నా తల మీద చెయ్యి పెట్టారు.

"ప్రార్థనలో కళ్లు మూసుకోక ఏం చేస్తావే పిచ్చిదానా? ఆయన ప్రార్థన సాగదీస్తే ప్రతిసారీ చొక్కా పట్టి లాగేదాన్ని నేను. ఆ రోజు లాగలేదు. ఎంతసేపు చేసుకుంటే అంతసేపు చేసుకోనీలే అనుకున్నాను. నన్నేం చెయ్యమంటావు మరి?"

పోలీసులకు చెప్పమని కూడా ఆవిడే అన్నారు. "ఆ తెలంగాణా అబ్బాయి నన్ను రెక్క పట్టి పైకి తోశాడు. మా ఆయన పోయారని ఆ బిడ్డను జైల్లో పెడతారా? వెళ్లు" అన్నారు. అందుకే ఈ రోజు వచ్చాను.

గంగాప్రసాద్ చెయ్యవలసింది చేశాడు. చెప్పవలసింది చెప్పాడు. నీళ్లు చూడటానికి నన్ను పెట్టాడు. నేను చూడలేదు. అతను ఒప్పుకున్నది నన్ను కాపాడటానికి చెప్పిన అబద్ధం. అతన్ని వదిలిపెట్టాలని కోరుతున్నాను.

ఇంతవరకు నేను చెప్పినదాన్ని పదకొండుం పావుకు ఖాదర్‌వలి గారు నాకు చదివి వినిపించారు. సంతకం పెట్టమని పెన్ను ఇచ్చారు. నేను పెట్టలేదు. ఇంకో మాట కలపాలని అడిగాను. అధికారి గారు నాకు టీ తెప్పించి, తొందర లేదన్నారు. ఆ మాట ఇప్పుడు చెప్తున్నాను.

గంగాప్రసాద్ అరుపు విని కళ్లు తెరిచానని పైన చెప్పాను. అంతకు ముందే నేను ఒకసారి కళ్లు తెరిచాను.

టైము చూడటానికి తెరిచాను. పదకొండు పదిహేను. వాచీ చూసి, నీళ్లు చూశాను. తేట పోయింది. టీలో పాలు పోసిన రంగు వచ్చింది. రాళ్ల అంచుల్లో నురగ పేరుకుంది, దానిలో పుల్లలు తిరుగుతున్నాయి. పొద్దుట నుంచి పొడిగా ఉన్న ఒక తెల్ల రాయి తడిసింది. అతను చెప్పినవన్నీ వచ్చాయి. ఈల నా వేళ్ల మధ్యే ఉంది. అధికారి గారు, నీకు అర్థం కాలేదేమో, భయపడ్డావేమో అన్నారు. ఖాదర్‌వలి గారు కూడా అలాగే రాయమంటావా అమ్మా అన్నారు. వద్దు. నాకు అర్థమైంది. భయం లేదు.

అప్పటికి దేవదాసు గారి ప్రార్థనలో నా పెద్దమ్మాయి పేరు వచ్చింది. సెలీనా. డిసెంబరులో దానికి పరీక్షలు. ఆ బిడ్డకు తండ్రి లేడు ప్రభువా, నీవే తండ్రివై పక్కన నిలబడు అని ఆయన అడుగుతున్నారు. నా బిడ్డ కోసం ఒకాయన చేతులెత్తి అడుగుతుంటే మధ్యలో ఈల ఎలా ఊదాలో నాకు తెలియలేదు. పెద్దల ప్రార్థనకు అడ్డం రావడం నేను ఎన్నడూ చూడలేదు, చెయ్యలేదు. అయిపోవచ్చింది, పేర్లయ్యాక ఆయన రెండు మాటల్లో ముగిస్తారు, ఆమెన్ అనగానే ఊదుదాం అనుకున్నాను. మళ్లీ కళ్లు మూసుకున్నాను. నేను కూడా స్తోత్రం అన్నాను.

సెలీనా తర్వాత నా చిన్నమ్మాయి పేరు చెప్పారు. తర్వాత ఆండ్రూ పేరు, వాళ్ల అమ్మానాన్నల పేర్లు చెప్పారు. తర్వాత గంగాప్రసాద్ పేరు చెప్పారు. ఆమెన్ రాలేదు.

పదకొండు పదిహేను నుంచి పంతొమ్మిది వరకు నాలుగు నిమిషాలు. దేవదాసు గారు ఆ బాట ఎక్కడానికి రెండు నిమిషాలు చాలు.

ఈ సంగతి గంగాప్రసాద్‌కు తెలియదు. తెలిసి ఉంటే నా కోసం అబద్ధం చెప్పేవాడో కాదో నాకు తెలియదు. ఆండ్రూకు తెలియదు. నా పిల్లలకు తెలియదు. దీనివల్ల నా ఉద్యోగం, లైసెన్సు ఏమవుతాయో, నా మీద ఏ కేసు పెడతారో అధికారి గారు చెప్పారు. విన్నాను.

నాకు చదువు వచ్చు కాబట్టి ఈ కాగితాలన్నీ నేనే మళ్లీ చదువుకున్నాను. ఇందులో ఉన్నది నా మాట. ఎవరూ బెదిరించి చెప్పించలేదు, ఎవరూ ఆశ పెట్టి చెప్పించలేదు. మొదట దాచినది ఒకటుంది, అది తర్వాత కలిపాను. ఇక దాచినది లేదు.

అధికారి గారిని ఒక్కటి అడుగుతున్నాను. శాంతమ్మ గారు కింద కారులో నా కోసం కూర్చుని ఉన్నారు. ఒంటరిగా పంపడం ఇష్టం లేక నాతో వచ్చారు. ఈ చివరి కాగితం ఆవిడకు మీ నోటి నుంచి తెలియక ముందు, నేను ఒకసారి కిందికి వెళ్లి వస్తాను. నాతో ఒక కానిస్టేబుల్‌ను పంపినా సరే. కళ్లు మూసుకున్నందుకు ఆవిడ నా తల మీద చెయ్యి పెట్టారు. తెరిచి చూశానని నేనింకా చెప్పలేదు.

సంతకం: మద్దాల కృపాబాయి
కుడి బొటనవేలి ముద్ర వేయబడింది
మధ్యాహ్నం 12.10

తెలుగులో రాసి, చదివి వినిపించినది: ఖాదర్‌వలి, దుబాసీ